షట్టరు ఎత్తితే గ్రంథాలయం

నేను టేకు బీరువాను. అయిదు అరలు, రెండు గాజు తలుపులు, ఒక ఇత్తడి గడియ. పశ్చిమ గోదావరి జిల్లా ఉండికి దగ్గర్లో, కాలువ గట్టునున్న ఒక ఊరి శాఖా గ్రంథాలయంలో ఉంటాను. అక్కడి సామానులో వయసుకైనా బరువుకైనా నేనే పెద్ద. ఈమధ్య మా గ్రంథాలయం వెనక వీధి పెంకుటింట్లోంచి మెయిన్ రోడ్డు మీద ఖాళీగా పడున్న ఒక కొట్టులోకి మారింది. ‘చివరికి లైబ్రరీకి కొట్టు గదే దిక్కయిందా’ అని ఊళ్లో కొందరు పెద్దలు బాధపడ్డారు. పుస్తకం మీద ప్రేమ ఉన్నవాళ్లకే ఆ బాధ కలుగుతుంది. వాళ్లకోసమే నా కథ చెబుతున్నాను.

నా కలప గోదావరి ఎగువ మన్యంలోది. దుంగల్ని తెప్పలుగా కట్టి ఏటి మీద రాజమండ్రి దాకా దించేవారు. అక్కడి వడ్రంగి చేతిలో నేను బీరువానయ్యాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి డెల్టాలో కాలువలే దారులు. ధాన్యం, ఉప్పు, పెళ్లివారు, అందరూ పడవల్లోనే. నేనూ పడవలోనే వచ్చాను. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, గాజు తలుపుల మీద వరిగడ్డి పరిచి, తాళ్లతో బిగించారు. గట్టున దించాక నలుగురు భుజం పట్టి ఒక పెద్దింటి వీధి వసారాలో నిలబెట్టారు. ఆ వసారాయే అప్పట్లో ఊరి పఠన మందిరం.

అవి గ్రంథాలయోద్యమం రోజులు. మా పొరుగున పాలకోడేరు పక్కనున్న కుముదవల్లిలో 1897లోనే శ్రీ వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం వెలిసింది. భూపతిరాజు తిరుపతిరాజుగారు దానికి ప్రాణం. పట్నాల్లోనే గ్రంథాలయాలు అరుదైన కాలంలో ఒక పల్లెటూరు ఆ పని చేసింది. 1914 ఏప్రిల్లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్లంతా సభ చేసి సంఘం పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమానికే జీవితం ధారపోశారు.

మా వసారాలో ఆ గాలి ఎలా వీచిందో నేను కళ్లారా చూశాను. పొద్దుగూకాక లాంతరు వెలిగించేవారు. చదువొచ్చిన కుర్రాడొకడు పత్రిక తీసి గొంతెత్తి చదివేవాడు. పొలం నుంచి వచ్చిన పాలేళ్లు, రైతులు కింద కూర్చుని వినేవారు. పుస్తకం తీసుకెళ్లినవాడు పేరు, తేదీ రాసి వెళ్లేవాడు. రాయడం రానివాడు వేలిముద్ర వేసేవాడు. చదవలేని మనిషి పుస్తకమెందుకు పట్టుకెళతాడని మీకు అనిపించవచ్చు. ఇంట్లో ఆరో తరగతి చదివే కూతురు ఉండేది, అందుకు.

పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలని ఆ తరం నమ్మింది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టాలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. ఆ సంగతి మా వసారాలో పత్రికలో చదివితే అందరూ ముచ్చటపడ్డారు. కాలువలో నడిచే పడవ ప్రతి రేవులోనూ ఆగుతుంది. బట్టలుతికే ఆడవాళ్లు, గేదెలు కడిగే కుర్రాళ్లు అక్కడే ఉంటారు. జనం ఎక్కడ ఉంటే అక్కడికి పుస్తకాన్ని చేర్చారాయన. గ్రంథాలయానికి భవనం అవసరమే. దానికంటే ముందు జనం నడిచే దారిలో చోటు అవసరం. నా బతుకంతా చూసి నేను నేర్చుకున్నది ఈ ఒక్క విషయమే.

తర్వాత చట్టాలొచ్చాయి. మద్రాసు ప్రభుత్వం 1948లో పౌర గ్రంథాలయాల చట్టం చేసింది. రాష్ట్రమంతటికీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఏలూరు కేంద్రంగా జిల్లా గ్రంథాలయ సంస్థ ఏర్పడింది. నాలోని పుస్తకాల మీద సంస్థ ముద్ర పడింది, వీపుల మీద నంబర్ల చీటీలు అంటించారు, నాకు కూడా తెల్ల రంగుతో ఒక నంబరు రాశారు. చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ పైసలు పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి సంస్థకు జమ కట్టాలి. మా అద్దె, మా పత్రికలు, మా కొత్త పుస్తకాలు, అన్నిటికీ అదే ఆధారం. అంటే పూరింటి పన్ను కట్టిన ముసలమ్మకు కూడా నా అరల్లో వాటా ఉంది.

ఆ తర్వాత మేం వెనక వీధి పెంకుటింటికి మారి చాలా ఏళ్లు ఉన్నాం. ఇల్లు మంచిదే. వేపచెట్టు నీడ, పడమటి కిటికీ. కానీ చుట్టూ వరిచేలు ఒక్కొక్కటే చేపల చెరువులయ్యాయి, ఆపైన రొయ్యల చెరువులయ్యాయి. ఇంటి గోడలకు అడుగు నుంచి చెమ్మ ఎక్కింది. వానాకాలం వస్తే నా కింది అరలో పుస్తకాలు ఉబ్బేవి. చెదలు రాకుండా నా కాళ్ల కింద రాతి దిమ్మెలు పెట్టారు, అరల్లో కలరా ఉండలు, ఎండిన వేపాకు వేశారు. అడివి బాపిరాజుగారు భీమవరంలో పుట్టినవారు. ఆయన ‘నారాయణరావు’ నవల మా ఊరివాళ్లకు సొంతింటి పుస్తకం. దాని అట్ట మూడుసార్లు మార్చారు. రెండుసార్లు చదివినవాళ్ల చేతుల్లో నలిగి, ఒకసారి చెమ్మకు.

అంతకంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది. ఆ ఇంటికి తెలిసినవాళ్లే వచ్చేవారు. సందు మొదట్లో అరుగు మీద ఎప్పుడూ మగవాళ్లు కూర్చునేవారు. వాళ్ల ముందునుంచి నడిచి రావడానికి కాలేజీ ఆడపిల్లలు మొహమాటపడేవారు. బస్సు దిగినవాళ్లకు అక్కడొక గ్రంథాలయం ఉందనే తెలియదు. ఇంటివాళ్లు ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటామన్నప్పుడు లైబ్రేరియన్ గారు ఊరంతా వెతికారు. సంస్థ ఇచ్చే అద్దెకు మెయిన్ రోడ్డు మీద దొరికింది రొయ్యల మేత అమ్మిన కొట్టు ఒక్కటే. వ్యాపారాన్ని భీమవరం మార్చుకుని యజమాని షట్టరు దించేశాడు.

మారడానికి ముందు పని చాలా జరిగింది. మేతలో చేపపొడి ఉంటుంది. ఆ వాసన గచ్చులోకి ఇంకిపోయింది. ఆ వాసనకే ఎలుకలు. ముందు మూలల్లో కన్నాలు సిమెంటుతో పూడ్చారు. గచ్చును వేడి నీళ్లతో, సబ్బు పొడితో కడిగి, షట్టరు తెరిచి ఆరబెట్టి, మళ్లీ కడిగారు. గోడలకు సున్నం రెండు పూతలు వేశారు. బస్తాలు నేలకు తగలకుండా వేసే చెక్క చట్రాలు కొన్ని మూల పడున్నాయి. వాటిని పారేయకుండా ఎండలో ఎండబెట్టి నా కింద, ఇనుప ర్యాకుల కింద పరిచారు. ఒకప్పుడు మేతను చెమ్మ నుంచి కాపాడిన ఆ చెక్కలు ఇప్పుడు పుస్తకాన్ని కాపాడుతున్నాయి.

పుస్తకాలు సర్దే పద్ధతి చెప్పాలి, మరో ఊరికి పనికొస్తుంది. ఒక అరలో ఉన్న వరసనే కట్ట కట్టారు. కట్టకు పైనా కిందా అట్టముక్క పెట్టి, ఆపైన పురికొస బిగించారు. అట్ట లేకపోతే పురికొస పుస్తకం అంచును కోసేస్తుంది. ప్రతి కట్ట మీద బీరువా నంబరు, అర నంబరు, వరస నంబరు రాసిన చీటీ. రిజిస్టరు ముందు పెట్టుకుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూశారు. హైస్కూలు పిల్లలు సందు పొడుగునా వరసగా నిలబడి కట్టలు చేతులు మార్చుకుంటూ ట్రాక్టరు దాకా చేర్చారు. నా తలుపులు బందుల నుంచి ఊడదీసి పాత దుప్పట్లలో చుట్టారు. కొత్తచోట కట్టలు విప్పుతుంటే అర తర్వాత అర నిండింది. ఏ పుస్తకం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

షట్టరు ఎత్తిన మొదటి వారం మా దగ్గరకు పాఠకుల కంటే మేత కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. ఒక రైతు మోటారు సైకిల్ దిగి, చెప్పులు బయటే వదిలి లోపలికొచ్చి అటూ ఇటూ చూశాడు.

‘‘ఫీడ్ కొట్టు లేదాండీ?’’

‘‘భీమవరం మార్చేశారండి. ఇది లైబ్రరీ అండి ఇప్పుడు.’’

‘‘ఆయ్, మరి పేపరుంటదాండీ?’’

‘‘ఉంటదండి. కూర్చోండి బాబాయ్‌గారూ.’’

ఆయన కూర్చున్నాడు. రొయ్యల ధరల పేజీ చూశాడు, ఆపైన మొదటి పేజీకి వచ్చాడు. మర్నాడు వచ్చి, ‘‘వనామికి తెల్లమచ్చ తెగులు మీద ఏమన్నా పుస్తకం ఉందాండీ?’’ అని అడిగాడు. లైబ్రేరియన్ గారు మత్స్య సాగు పుస్తకాలన్నీ ఏరి నా మధ్య అరలోకి, కంటికి ఎదురుగా వచ్చేలా తెచ్చారు. అక్కినేని కుటుంబరావుగారి ‘కొల్లేటి జాడలు’ కూడా ఆ పక్కనే పెట్టారు. చెరువు మందుల పుస్తకం కోసం చెయ్యి చాచినవాళ్లు దాన్ని కూడా పట్టుకెళుతున్నారు. తమ పొరుగున ఉన్న కొల్లేరు ఒకప్పుడు ఎలా ఉండేదో అందులో చదువుకుంటున్నారు.

ఇప్పుడు ఆడపిల్లలు నేరుగా రోడ్డు మీంచే లోపలికొస్తున్నారు. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివేవాళ్లు షట్టరు ఎత్తే వేళకే బయట నిలబడుతున్నారు. బస్సు కోసం ఎదురుచూసే స్కూలు పిల్లలు చందమామ పాత బైండ్లు తిరగేస్తున్నారు. రోడ్డు చప్పుడు ఉంది, నిజమే. షట్టరు గదికి ఎదురు గాలి రాదు, వేసవిలో ఉక్కపోస్తుంది. వెనక గోడకు ఒక కిటికీ పెట్టాలి, పిల్లలకు మరుగుదొడ్డి కావాలి. ఇవి తీరే కొరతలే. పాఠకుడు రాని కొరత ఎన్ని కిటికీలు పెట్టినా తీరదు.

పరీక్షలకు చదివే ఒక కుర్రాడు మొన్న పక్కవాడికి ఒక విషయం చదివి వినిపించాడు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం మెకాలెన్ ఊళ్లో వాల్‌మార్ట్ ఖాళీ చేసి వెళ్లిన దుకాణాన్ని 2011లో పబ్లిక్ లైబ్రరీగా మార్చారట. లక్ష చదరపు అడుగులకు మించిన చోటు, ఒకటే అంతస్తు. మా కొట్టు దాని ముందు ఒక మూలకు చాలదు. కానీ అక్కడివాళ్లూ మా లైబ్రేరియన్ గారూ ఆలోచించిన తీరు ఒకటే. జనానికి అలవాటైన గుమ్మం అది, అందులో పుస్తకం పెడితే అడుగు దానంతటదే పడుతుంది.

అందుకే కొట్టులోకి రావడం నాకు చిన్నతనం అనిపించలేదు. వసారాలో ఉన్నా, పడవలో ఉన్నా, కొట్టులో ఉన్నా పుస్తకం విలువ పుస్తకానిదే. మీ ఊళ్లో కూడా రోడ్డు మీద షట్టరు దించిన గది ఏదో ఉంటుంది. మీ శాఖా గ్రంథాలయం ఏ సందులోనో చెమ్మ గోడల మధ్య ఉంటుంది. పంచాయతీ సభలో ఈ రెండు సంగతులూ కలిపి అడగండి. మీరు కట్టిన ఇంటి పన్ను మీద ప్రతి రూపాయికీ 8 పైసలు మా కోసం ఇచ్చారు. అడిగే హక్కు మీది. గది దొరికిన రోజు ఒక చెయ్యి వేసి కట్టలు మోయండి. షట్టరు ఎత్తిన మర్నాడు వచ్చి, మీ పేరు రిజిస్టరులో రాసి, ఒక పుస్తకం ఇంటికి పట్టుకెళ్లండి.