అగ్రరాజ్యం మామ

కాకి అరిస్తే చుట్టాలొస్తారంటారు. యాగంటిలో కాకులుండవు, అగస్త్యుడి శాపమని స్థలపురాణం. అందుకని వచ్చేదెవరో ముందుగా చెప్పే బాధ్యత అగ్రరాజ్యం మామ నెత్తినేసుకున్నాడు. చుట్టాలు చిన్న సంగతి, వాళ్ల జోలికి పోడు. రాబోయే కాలంలో లోకాన్ని ఏలేదెవరన్నదే ఆయన శాఖ. సైన్సులో ఎవడు, టెక్నాలజీలో ఎవడు, వ్యాపారంలో ఎవడు? మూడింటికీ మూడు జవాబులుంటాయి. వారం తిరిగేలోగా మూడూ మారతాయి.

ఇట్లాంటి మనిషి మీ ఊళ్లోనూ ఉంటాడు. నంద్యాల బస్టాండులో ఒకడు, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే వీధి మొదట్లో ఒకడు, డాలస్‌లో తెలుగువాళ్ల పెళ్లి భోజనాల దగ్గర ఒకడు. గుర్తుపట్టడం తేలిక. మాట “నేనెప్పుడో చెప్పినా” అని మొదలై “చూస్తాండు” అని ముగుస్తుంది. మధ్యలో ఒక సంవత్సరం దొర్లుతుంది. ఆ సంవత్సరం వచ్చేనాటికి చెప్పినాయన ఉండడు, నిలదీయడానికి విన్నవాళ్లూ ఉండరు.

వీళ్లందరికీ యాగంటి మామే పీఠాధిపతి. స్థానబలం అట్లాంటిది. పక్కనే బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కూర్చుని బ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని మా వైపు నమ్మకం. యుగాంతాన యాగంటి గుళ్లోని రాతి బసవన్న లేచి రంకె వేస్తాడన్నది అందులోని మాటే. ఆ తాళపత్రాలను పాతిపెట్టి, పైన చింతచెట్టు నాటారంటారు. మామ జోస్యాలనూ ఎప్పటికప్పుడు పాతిపెట్టక తప్పడం లేదు. ఒక్కోదానికి ఒక్కో చెట్టు నాటి ఉంటే ఈ ఎర్రమల కొండలన్నీ ఈపాటికి చింతతోపులై ఉండేవి. బసవన్న ఇరవై ఏళ్లకు ఒక అంగుళం పెరుగుతాడని గుడి దగ్గర చెబుతారు. ఆ ఇరవై ఏళ్లలో మామ నాలుగు అగ్రరాజ్యాలను లేపి పడుకోబెడతాడు.

మొదట లేపింది రష్యాను. గగారిన్ అంతరిక్షానికి వెళ్లొచ్చిన 1961లో మామ పలక పట్టాడు. బడి పుస్తకాలకు ‘సోవియట్ భూమి’ నున్నటి కాగితంతో అట్టలు వేసుకున్న తరం ఆయనది. అట్ట మీద ట్రాక్టరు, లోపల రాని లెక్కలు. ఇంక అమెరికా పనైపోయిందని ఆ అట్ట చూసే తేల్చేశాడు. నవ్వకండి. తర్వాత నోబెల్ అందుకున్న అమెరికా ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ కూడా, అదే 1961 నాటి తన పాఠ్యపుస్తకంలో, 1984కూ 1997కూ మధ్య సోవియట్ ఆదాయం అమెరికాను దాటవచ్చని రాశాడు. 1980 ముద్రణకు వచ్చేసరికి ఆ ముహూర్తం 2002-2012కు జరిగింది. 1991 డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది. ఈ సంగతి మామకు తెలియదు. తెలిస్తే “నాకు తోడు నోబెలాయన కూడా ఉండాడప్పా” అని ఇంకో టీ చెప్పించుకునేవాడు.

తర్వాత జపాన్. 1989 డిసెంబరు ఆఖరున టోక్యో షేర్ మార్కెట్ సూచీ నిక్కీ 38,915కు ఎక్కింది. “ఇంగ జపాన్ భాష నేర్చుకునేదే” అన్నాడు మామ. కొత్త ఏడాది నుంచి అది దిగడం మొదలుపెట్టి, మళ్లీ ఆ గీత దాటేసరికి 2024 ఫిబ్రవరి అయింది. దాటిన రోజు మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని టీకొట్టుకు వచ్చాడు. “చెప్పినానా లేదా?”

1991 నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక జరిగింది. ప్రధాని పి.వి.నరసింహారావు నిలబడ్డాడు. తెలుగుబిడ్డ అని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. 5.8 లక్షల మెజారిటీ వచ్చింది. జులై బడ్జెట్‌తో దేశంలో వ్యాపారం తలుపులు అప్పటికే తెరుచుకుంటున్నాయి. ఆ తలుపులు తెరిచినాయనకు పొద్దున తన చేత్తో ఓటు గుద్ది వచ్చి, సాయంత్రం మామ మాట్లాడింది మాత్రం జపాన్ గురించే. కంటి ముందు జరిగేది ఆయన లెక్కలో భవిష్యత్తు కాదు. దానికి వీసా కావాలి.

మొన్నొక పొద్దున టీకొట్టు బల్ల మీద ప్రపంచాన్ని పరిచాడు. ఉగ్గాని ప్లేటు అమెరికా. టీ గ్లాసు చైనా, “పొగలు కక్కుతాంది చూడు.” మిరపకాయ బజ్జీ రష్యా. కళ్లజోడు పెట్టె యూరప్, లోపల ఏమీ లేదు గనక. ఉగ్గానిలోంచి ఒక చెనక్కాయ గింజ ఏరి ఎదురుగా పెట్టి “ఇది తైవాన్” అన్నాడు, గొంతు తగ్గించి. 1987లో అక్కడ పుట్టిన టీఎస్ఎంసీ చిప్పులు చేసివ్వకపోతే అమెరికా ఏఐ అంతా కూర్చుండిపోతుందనీ, ఆ అత్యాధునిక చిప్పుల మీద గీతలు గీసే యంత్రాన్ని నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే తయారు చేస్తుందనీ, ఇంత గింజ కోసం పెద్ద ప్లేటూ పొగల గ్లాసూ కాచుకుని ఉన్నాయనీ చక్కగా విడమరిచాడు. అంతా నిజమే. ఉన్నది చెప్పినంతసేపూ మామకు తిరుగులేదు. ఈలోగా పక్కన కూర్చున్నతను పరధ్యానంగా రష్యాను కొరికాడు.

“యోవ్, అది నా రష్యా!”

“ఎవురు తిన్నా పది రూపాయలే న్నా” అంది కొట్టామె, పెనం మీంచి తల తిప్పకుండా.

మన ఇళ్లలో అగ్రరాజ్యమంటే కొడుకునో కూతుర్నో పంపించే దేశం. ఆ లెక్కనే ఆళ్లగడ్డ నుంచి గుడికొచ్చిన ఒక కుర్రాడు అడిగాడు: “మామా, ఎమ్మెస్‌కు జర్మనీ మేలా, ఆస్ట్రేలియా మేలా?”

“రెండూ ముసలి దేశాలు అల్లుడా. 2050కి ఇండోనేషియా, 2075కి నైజీరియా. నువ్వు నైజీరియా చూసుకో.”

“ఫీజు ఆగస్టులో కట్టల్ల మామా.”

“ఆగస్టు సంగతి ఎవుడు చెప్పగలడప్పా!”

నంద్యాల నుంచి పాణ్యం మీదుగా వచ్చే బస్సులో ఒకసారి మామ పక్కన కూర్చున్నాను. కరెంటంతా ఎండ నుంచి తీసే రోజు యూరప్‌లో ఎప్పుడొస్తుందో చెబుతున్నాడు. ఆ కొండల అవతలే గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కట్టారు. పగలు ఎండ కరెంటుతో నీళ్లను పై చెరువులోకి ఎక్కిస్తారు, చీకటి పడి వాడకం పెరిగాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎండ పోయాక కరెంటు ఎట్లా అని లోకమంతా తల పట్టుకుంటున్న ప్రశ్నకు ఒక జవాబది. ఆ మాటే ఎత్తాను.

“ఎక్కించిన నీళ్లు మళ్లా దించేదానికి అంత ఖర్చా? మనోళ్లకు పనిలేదు” అన్నాడు మామ. “డెన్మార్కోడు ఏం చేస్తాడంటే...”

మామను తీసిపారేయకండి. 2001లో గోల్డ్‌మన్ శాక్స్ ఆర్థికవేత్త జిమ్ ఓనీల్ కూడా బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనాలను ఒక బల్ల మీద పేర్చి ‘బ్రిక్’ అని పేరు పెట్టాడు. కంపెనీ ఆ పేరుతో ఫండు తెరిచి జనం డబ్బు పెట్టించింది. అది చిక్కి చిక్కి 2015లో వేరే ఫండులో కలిసిపోయింది. మా మామ మాట నమ్మి ఇంతవరకు ఎవరూ రూపాయి పోగొట్టుకోలేదు. ఆయన మాట విని ఎవరూ ఏ పనీ చెయ్యలేదు కాబట్టి. మనకయ్యే ఖర్చల్లా ఆయన టీ. రష్యా డబ్బులు వేరే.