గుడ్డుకు వచ్చిన గౌరవం

2020 డిసెంబరు 2 నుండి ఇంగ్లండ్‌లో అమలైన అంచెల విధానం, అనగా కోవిడ్ వ్యాధి తీవ్రతను బట్టి ప్రాంతాలకు ఆంక్షలు పంచే పద్ధతి, రెండవ అంచెలోని పబ్బులలో ‘తగినంత భోజనం’ చేసేవారికే మద్యాన్ని అనుమతించగా, స్కాచ్ ఎగ్, అనగా మాంసపు ముద్ద చుట్టి, రొట్టెపొడి అద్ది వేయించిన ఉడికిన గుడ్డు, ఆ హోదాకు అర్హమా అన్న మీమాంస మంత్రుల దాకా వెళ్లింది. ఒక మంత్రి అర్హమేనన్నారు. మరొక మంత్రి భోజనానికి ముందు తినే చిరుతిండి మాత్రమేనని చెప్పి, అదే రోజున మాట మార్చుకున్నారు (వైరస్ అభిప్రాయాన్ని ఎవరూ అడిగినట్లు లేదు). మూడు ఇళ్లవారు 5 రోజులు కలిసి క్రిస్మస్ జరుపుకోవచ్చునన్న హామీ మాత్రం, ఇంత సూక్ష్మమైన చర్చకైనా నోచుకోక, డిసెంబరు 19న ఒక్క రోజుకు కుదించుకుపోగా, నాలుగవ అంచెలో పడిన లండన్‌కు ఆ ఒక్క రోజూ దక్కలేదు.