ఇత్తడి బిందె ఆత్మకథ

గోదావరి మండలమున, ఇత్తడి పాత్రలకు పేరుపడిన అజ్జరమను గ్రామమందు, కంచరుల సుత్తిదెబ్బల నడుమ నేను జన్మించితిని. కాలువలు గట్లొరసి పారు ఆ సీమలో నీటికై క్రోశెడు దూరము నడచువారుందురని నేనెరుగను. ఒంగోలు అంగటిలో అమ్ముడుపోయి, ఒక నవవధువు సారెతో కనిగిరి మెట్టకు వచ్చిన పిమ్మటనే ఆ సంగతి నాకు తెలియవచ్చినది.

ఆ యూర నీరు లేకపోలేదు. ఇంటి యెదుటనే చేతిపంపు కలదు. కాని భూగర్భమందలి రాతిపొరలనుండి కరగి వచ్చు ఫ్లోరైడు ఆ నీట మిక్కుటము. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు గల నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో మొదట పండ్లు గారపట్టును, పిదప కీళ్లు బిగిసి నడుము వంగిపోవచ్చును. కాచి త్రాగుదమన్నను, కాచినకొలది నీరు తగ్గునే గాని అందలి ఫ్లోరైడు తగ్గదు. ఈ మెట్టసీమ నెల్లూరు జిల్లాలో చేరియున్న కాలముననే, 1937లో, వైద్యులీ వ్యాధిని గూర్చి లోకమునకు వెల్లడించిరి.

కావున మాకు మంచినీరనగా ఊరిబయటి వాగులోని చెలమ నీరే. మా యింటి పెద్దపిల్ల తొమ్మిదవ యేట నన్ను చంకకెత్తుకొన్నది. చెలమలో బిందెడు నీరొక్కమారు దొరకదు. కొబ్బరిచిప్పతో తోడి, వడగుడ్డలో పోసి, మరల ఊట ఊరువరకు గట్టున కూర్చుండవలెను. ఆ వేళలో ఆమె తడియిసుకపై వ్రేలితో భాగహారములు వేసెడిది; శేషము తేలకమునుపే చిప్పకు నీరందెడిది, లెక్క అచటనే నిలిచిపోయెడిది. నిండిన నా బరువు ఇరువది కిలోలకు తక్కువ కాదు. నన్ను దించి ఆమె పరుగున పోవునప్పటికి బడిలో మొదటి గంట, అనగా లెక్కల పాఠము, ముగియవచ్చెడిది. ఆమె తెచ్చిన నీళ్లే త్రాగి, తల దువ్వించుకొని, తమ్ముడు మాత్రము గంట కొట్టకమునుపే చేరెడివాడు. అందు ఆ పసివాని దోషమేమున్నది? నీళ్లు మోయుట ఆడపిల్ల పనియని ఇంటిల్లిపాదియు నమ్మియుండిరి. "ఈ ఒక్క బిందె తెచ్చిపెట్టి పోవే, తల్లీ" యని వేడుకొను తల్లియు తన చిన్ననాట అటులనే మోసినది.

ఆ పిల్ల పెద్దమనిషియైన పిదప మరియొక చిక్కు వచ్చినది. బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి కట్టిరి గాని దానికి నీరు లేక తాళము వేసిరి. నెలనెలా ఆ నాలుగైదు దినములు ఆమె ఇంటనే యుండెడిది. ప్రతి పాఠశాలలోను రక్షితమైన త్రాగునీరును, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లును ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. గోడలు లేచినంతనే ఆ విధి తీరినదనుకొనుట అన్యాయము. ఎనిమిదవ తరగతి నడుమ ఆమె పుస్తకముల సంచి అటకెక్కినది. చదువు మానుమని ఆమెతో ఎవ్వరును అనలేదు. తప్పిపోయిన మొదటి గంటలును, మానిన దినములును కలిసి ఆ పని చేసినవి.

అయ్యలారా, అమ్మలారా! మీ యూరి బడికి పోయినపుడు ఆడపిల్లలు ఏ వేళకు వచ్చుచున్నారో విచారింపుడు. వారి మరుగుదొడ్డిలోని కుళాయి స్వయముగా త్రిప్పి చూడుడు. నీరు రానిచో, పిల్లనేల మాన్పించితివని తల్లిని నిలదీయకమునుపే, ఆ నీటిని రప్పింపుడు.