ఎడమ పేజీ, కుడి పేజీ: ఒక నోటుపుస్తకం ఆత్మకథ

నేను రెండు వందల పేజీల గట్టి అట్ట నోటుపుస్తకాన్ని. విజయవాడలో ఒక స్టేషనరీ కొట్లో నన్ను కొన్నారు. ఇంటి ఖర్చులు రాసుకోవడానికని సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని అమెరికా పట్టుకెళ్లారు. సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్ నా ఇల్లు. అక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను రాసే ఆవిడ వాళ్లలో ఒకరు. ఖర్చుల పద్దు నా మొదటి పేజీ దాటలేదు. సియాటిల్ నగరపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సీహాక్స్ మీద ఆవిడకు కలిగిన అభిమానమే మిగతా పేజీలన్నీ నింపింది.

నాలో ఆటల స్కోర్లు వెతికితే దొరకవు. నాలో ఉన్నది డ్రాఫ్ట్ లెక్క. ఏటా ఏప్రిల్ చివర్లో, కాలేజీ ఆట ముగించుకుని వచ్చే కుర్రాళ్లను జట్లు ఎంచుకునే మూడు రోజుల తంతు అది. ఆవిడ నాన్నగారు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు టీవీ ముందు కూర్చుని, "ఇది మన ఐపీఎల్ వేలంలాంటిదే కదమ్మా?" అని అడిగారు.

"వేలం కాదు నాన్నా, వంతులు. కిందటేడు అందరికంటే వెనకబడిన జట్టుకు మొదటి వంతు, కప్పు గెలిచినవాళ్లకు చివరి వంతు. ముప్ఫై రెండు జట్లు, ఏడు రౌండ్లు. ఎక్కువ డబ్బు పెడతాను, వాణ్ణి నాకివ్వండి అంటే కుదరదు. కావాలంటే ఇంకో జట్టుతో వంతు మార్చుకోవచ్చు."

"మరి నువ్వేం రాస్తున్నావు?"

"ఎవరిని తీసుకున్నారో ఎడమ పేజీలో రాస్తా. ఆ రాత్రి టీవీలో, పేపర్లలో వేసే గ్రేడ్లూ అక్కడే. కుడి పేజీ ఖాళీగా వదిలేస్తా. కుర్రాళ్ల మొదటి ఒప్పందం నాలుగేళ్లది. అది ముగిశాక అక్కడ నా మార్కులు వేస్తా."

నా ఎడమ పేజీ ఆ రాత్రి మాటకు, కుడి పేజీ నాలుగేళ్ల తర్వాతి మాటకు. ఆ రెంటినీ పక్కపక్కన మోయడమే నా బతుకు.

నా మొదటి డ్రాఫ్ట్ పేజీ 2010ది. ఆ జనవరిలో పీట్ క్యారల్ కోచ్‌గా, జాన్ ష్నైడర్ జనరల్ మేనేజర్‌గా సియాటిల్ వచ్చారు. ఆ ఏడు ఆరో వంతులో రస్సెల్ ఒకుంగ్‌ని, 14వ వంతులో ఎర్ల్ థామస్‌ని తీసుకున్నారు. ఐదో రౌండులో 133వ వంతుకు క్యామ్ ఛాన్సలర్ అనే భారీ సేఫ్టీ, అంటే డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపలా కాసేవాడు, దొరికాడు. మరుసటి ఏడు 154వ వంతులో రిచర్డ్ షెర్మన్. స్టాన్‌ఫర్డ్‌లో బంతి పట్టే రిసీవర్‌గా మొదలై, ఆ పట్టే వాళ్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌గా మారిన కుర్రాడు. 242వ వంతులో మాల్కం స్మిత్. ఎడమ పేజీలో ఈ చివరి పేర్ల పక్కన పెద్దగా వ్యాఖ్యలేమీ లేవు. ఐదో రౌండూ ఏడో రౌండూ వచ్చేసరికి టీవీ చూసేవాళ్లు కూడా పలచబడతారు.

2012 పేజీ మాత్రం గ్రేడ్లతో నిండిపోయింది, అన్నీ ఎర్ర సిరాలో. సియాటిల్ 12వ వంతును ఫిలడెల్ఫియాకు ఇచ్చి, 15వ వంతుతో పాటు కింది రౌండ్లలో రెండు వంతులు తెచ్చుకుంది. ఆ పదిహేనులో బ్రూస్ ఇర్విన్‌ని తీసుకుంది. రెండో రౌండులో 47వ వాడు లైన్‌బ్యాకర్ బాబీ వాగ్నర్, మూడో రౌండులో 75వ వాడు క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్. విల్సన్ ఎత్తు ఆరడుగుల లోపే. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టు దాడినంతా నడిపి బంతి విసిరేవాడు. ముందు నిలిచే భారీకాయుల తలల మీదుగా చూడలేడు కనుక పొట్టివాడు పనికిరాడని అప్పటి గట్టి నమ్మకం. పైగా ఆ మార్చిలోనే జట్టు మ్యాట్ ఫ్లిన్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకుంది. ఇక ఇతనెందుకన్నారు. విశ్లేషకుల్లో చాలామంది తక్కువ గ్రేడ్లు వేశారు, ఎఫ్, అంటే ఫెయిల్, వేసినవాళ్లూ ఉన్నారు.

విల్సన్ ఆగస్టుకల్లా మొదటి క్వార్టర్‌బ్యాక్ స్థానం గెలుచుకున్నాడు. తొలి ఏడే 26 టచ్‌డౌన్ పాసులు విసిరి, కొత్త ఆటగాళ్లలో పేటన్ మానింగ్ పేరిట ఉన్న రికార్డును అందుకున్నాడు. 2014 ఫిబ్రవరి 2న అదే మానింగ్ నడిపిన డెన్వర్ జట్టును సీహాక్స్ 43-8తో ఓడించి, లీగు కప్పు తేల్చే ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను తన చరిత్రలో మొట్టమొదటిసారి గెలిచింది. ఆ రోజు ఉత్తమ ఆటగాడు 242వ వంతులో వచ్చిన మాల్కం స్మిత్.

అప్పుడే కుడి పేజీ నింపేయొచ్చు. స్నేహితులు నింపమన్నారు కూడా. కానీ ఆవిడ ఆ పేజీని 2016 దాకా తెరవలేదు. తెరిచిన రోజు గెలుపు సంబరమంతా పక్కనపెట్టి, ఒక్కొక్క పేరు దగ్గర మూడు ప్రశ్నలు వేసుకుంది. ఆ వంతుకు ఇంకెవరు మిగిలి ఉన్నారు? ఇతణ్ణి ఎంత ఖరీదుకు తెచ్చుకున్నారు? తెచ్చాక ఆడటానికి చోటిచ్చారా?

ఇర్విన్‌కు పదికి ఆరు పడ్డాయి. తొలి ఏడు ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ని ఎనిమిది సార్లు పడగొట్టాడు, జట్టుకు బాగా పనికొచ్చాడు. అయితే వదులుకున్న 12వ వంతులో ఫిలడెల్ఫియా ఫ్లెచర్ కాక్స్‌ని తీసుకుంది. 21వ వంతు దాకా చాండ్లర్ జోన్స్ మిగిలే ఉన్నాడు. వాళ్లిద్దరూ ఇర్విన్ కంటే పెద్ద ఆటగాళ్లయ్యారు. అందుకే ఆరు. ఆ వంతు మార్పిడిలో అదనంగా వచ్చిన 172వ వంతుకు కార్నర్‌బ్యాక్ జెరెమీ లేన్ దొరికాడని పక్కన రాసి, అతనికీ మార్కులు వేసింది. కప్పు గెలిచిన జట్టని ఎక్కువ వేయలేదు, ఆ రాత్రి నవ్వారని తక్కువా వేయలేదు. నా మీద పడ్డ గీతల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ ఆరు అంకె.

వాగ్నర్‌కు పదికి పది. దానిమీద వాదన లేదు. డ్రాఫ్ట్ తర్వాతి ఏళ్లలో అతను ఆరుసార్లు లీగ్ ఉత్తమ జట్టులో నిలిచాడు.

విల్సన్ దగ్గర కలం చాలాసేపు ఆగింది. అంతకు ముందే ఓ సాయంత్రం నాన్నగారు, "అంత గొప్పవాడైతే అన్ని జట్లూ ఎందుకు వదిలేశాయమ్మా?" అని అడిగి ఉన్నారు.

"మనవాళ్లూ వదిలేశారు నాన్నా. ఇర్విన్‌ని తీసుకున్నప్పుడొకసారి, వాగ్నర్‌ని తీసుకున్నప్పుడొకసారి. ఇంత ఆడతాడని తెలిస్తే పదిహేనులోనే తీసుకునేవాళ్లు కదా."

ఆ మాటే కుడి పేజీ మీద పడింది. విల్సన్ ఎంపిక గొప్పది, పదికి పది. కానీ అది అన్నీ ముందే తెలిసినవాళ్ల ఎంపిక కాదు. అతనికంటే ముందు ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయారు. మూడో రౌండు ఖరీదుకు ఒక అవకాశం కొన్నారు, అది ఫలించింది. ఖరీదు సంగతీ ఆవిడ వివరంగా రాసింది. లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ 2011లో కుదిరిన ఒప్పందం కొత్తవాళ్ల జీతాలను వాళ్లొచ్చిన వంతును బట్టి కట్టడి చేసింది. దాంతో విల్సన్‌కు మొదటి నాలుగేళ్లకూ కలిపి సుమారు 30 లక్షల డాలర్లే. ప్రతి జట్టు మొత్తం జీతాలకూ పరిమితి ఉంటుంది కాబట్టి, అతని దగ్గర మిగిలిన సొమ్ము 2013లో క్లిఫ్ ఏవ్రిల్, మైకేల్ బెనెట్ లాంటి వాళ్లను తెచ్చుకోవడానికి వీలిచ్చింది. 2015లో విల్సన్ కొత్త ఒప్పందం నాలుగేళ్లకు 8 కోట్ల 76 లక్షల డాలర్లకు చేరింది. ఆటగాడు అతనే, ఖరీదు మారింది. జట్టు లెక్క మొత్తం దానితో పాటే మారింది.

ఆ పేజీ అడుగున ఇద్దరు ఆర్థికవేత్తల పేర్లున్నాయి: కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ డ్రాఫ్ట్ మీదే వాళ్లు పరిశోధన చేశారు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు, అతని తర్వాత వెంటనే ఎంపికైనవాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం సుమారు 52 శాతమేనని తేల్చారు. అంటే దాదాపు బొమ్మా బొరుసే. జట్లు పై వంతులకు వాటి విలువ కంటే ఎక్కువ ధర కడుతున్నాయనీ, వెనక్కి జరిగి ఎక్కువ వంతులు కూడబెట్టుకోవడం మంచిదనీ వాళ్ల వాదన.

2012 పేజీ ఆ వాదనకు సాక్షిలా కనిపిస్తుంది. కానీ నా తర్వాతి పేజీలు కూడా చదవాలి. అదే క్యారల్, అదే ష్నైడర్. 2014లో, 2017లో వాళ్లు మళ్లీ మళ్లీ వెనక్కి జరిగి వంతులు కూడబెట్టారు. ఆ కుడి పేజీల్లో మార్కులు మాత్రం పలచగానే పడ్డాయి. 2017లో మొదటగా, 35వ వంతుకు తీసుకున్న కుర్రాడు మైదానం బయట జరిగిన ప్రమాదంలో గాయపడి సియాటిల్ తరఫున ఒక్క ఆటా ఆడలేకపోయాడు. ఏ గ్రేడూ ముందుగా చెప్పలేని విషయమది. ఇక 2015లో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరిగింది. నాలుగు వంతులు వాషింగ్టన్‌కు ధారపోసి 69వ వంతుకు ఎగబాకి రిసీవర్ టైలర్ లాకెట్‌ని తెచ్చుకున్నారు. అతను 2019 నుంచి 2022 దాకా వరుసగా నాలుగేళ్లు బంతులు పట్టి ఏటా వెయ్యి గజాలు దాటాడు. ఆవిడ పదికి తొమ్మిది వేసి, "నియమం మంచిదే, మనిషి నియమం కంటే పెద్దవాడు" అని రాసింది.

మరి 2010 నుంచి 2012 దాకా ఉన్న ఆ పంట తర్వాత ఎందుకు తగ్గింది? ఆవిడ రెండు పేజీల నిండా వెతికిన సంగతి ఇదే. నా వరకు నా మొత్తం సారం కూడా ఇదే. క్యారల్ వచ్చినప్పుడు జట్టులో ఖాళీలున్నాయి. కొత్త కుర్రాడికి ఆట దొరికేది. షెర్మన్ 2011లో మొదటి రోజు నుంచే ఆడలేదు. మార్కస్ ట్రూఫాంట్, వాల్టర్ థర్మండ్ గాయపడితే అతని వంతు వచ్చింది. వచ్చాక ఎవరికీ వదల్లేదు. 225వ వంతుకు వచ్చిన జె.ఆర్. స్వీజీ కాలేజీలో డిఫెన్స్ ఆడినవాడు. అతణ్ణి అటు తిప్పి అఫెన్స్ లైన్లో గార్డ్‌గా నిలబెట్టి, సూపర్ బౌల్ దాకా ఆడించారు. గెలిచాక ఆ జట్టు నిండిపోయింది. మర్రిచెట్టు కింద నాటిన మొక్కకు ఎండ తగలనట్టే, 2013 తర్వాత వచ్చిన కుర్రాళ్లకు ఆడే నిమిషాలు తక్కువ. వాళ్లు ఆడగలరో లేదో తేలేలోపే ఒప్పందాలు ముగిసిపోయాయి. డ్రాఫ్ట్ రాత్రి జరిగేది ఎంపికలో సగమే. మిగతా సగం కోచ్ ఆ కుర్రాడికి చోటిచ్చే నాలుగేళ్లలో జరుగుతుంది.

2022 మార్చిలో విల్సన్‌ని డెన్వర్‌కు ఇచ్చేశారు. అదే నెలలో వాగ్నర్‌నీ వదులుకున్నారు. ఆ నెలలో నా పేజీ మీద ఆవిడ ఏమీ రాయలేదు, నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బదులుగా డెన్వర్ నుంచి ముగ్గురు ఆటగాళ్లతో పాటు రెండు మొదటి రౌండు వంతులు, రెండు రెండో రౌండు వంతులు వచ్చాయి. వాటిలో 9వ వంతు చార్ల్స్ క్రాస్ అయ్యాడు. 40వది బోయే మాఫే. మరుసటి ఏడు 5వది డెవన్ విదర్‌స్పూన్, 37వది డెరిక్ హాల్. మళ్లీ చెట్టు పక్కకు జరిగింది, ఎండ పడింది. క్రాస్, మూడో రౌండులో వచ్చిన ఏబ్రహాం లూకస్ మొదటి ఆట నుంచే లైన్లో రెండు కొసలూ కాశారు. 153వ వంతుకు వచ్చిన తారీక్ వూలెన్ తొలి ఏడే ఆరు బంతులు మధ్యలో అందుకుని, ఆ సీజన్లో లీగు మొత్తంలో ఇంకొందరితో సమంగా మొదటి స్థానంలో నిలిచాడు. అతనూ షెర్మన్‌లా రిసీవర్ నుంచి కార్నర్‌బ్యాక్‌గా మారినవాడే. వాళ్లిద్దరి వంతుల మధ్య తేడా ఒక్కటంటే ఒక్కటే. పదకొండేళ్ల దూరంలో ఉన్న నా రెండు పేజీల మధ్య ఆవిడ ఓ గీత గీసి, "చోటు దొరికింది" అని రాసింది.

డెన్వర్ ఆ ఏడు 5 గెలిచి 12 ఓడింది. మనవాళ్లు 9 గెలిచి ప్లేఆఫ్స్ చేరారు. అయినా ఆవిడ ఆ మార్పిడికి వెంటనే పది వేయలేదు. డెన్వర్ ఓడిపోవడం సియాటిల్ తెలివికి రుజువు కాదు, వచ్చిన కుర్రాళ్లు నాలుగేళ్లు ఏం చేశారన్నదే రుజువు అంది. 2024 జనవరిలో క్యారల్‌ను కోచ్ పదవి నుంచి తప్పించారు, ష్నైడర్ కొనసాగారు. కొత్త కోచ్ వచ్చాడంటే చోట్లన్నీ మళ్లీ మారతాయి. మార్కులు తొందరపడి వేయకపోవడానికి అదీ ఓ కారణం.

ఇన్నేళ్లుగా ఈ పేర్లు మోసిన నోటుపుస్తకంగా అభిమానులకు నేను చెప్పదలచింది సూటిగానే చెబుతాను. డ్రాఫ్ట్ రాత్రి వేసే గ్రేడు ఆటగాడి విలువ కొలవదు. వేసినవాడి చేతిలోని జాబితాకూ, జట్టు చేతిలోని జాబితాకూ మధ్య తేడాను మాత్రమే కొలుస్తుంది. తన పేరు పక్కన ఎఫ్ చూసుకున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు మర్నాడు పొద్దున్నే లేచి ఆ అక్షరంతోనే మైదానానికి వెళ్లాలి. అతనికి మనం ఇవ్వగలిగిన న్యాయం నాలుగేళ్ల ఓపిక. ఆ తర్వాత మొహమాటపడకుండా మార్కులు వేద్దాం. గెలిచిన జట్టులో ఉన్నా ఆరుకు తగినవాడికి ఆరే వేద్దాం, ఓడిన జట్టులో ఉన్నా తొమ్మిదికి తగినవాడికి తొమ్మిది వేద్దాం. మీ జట్టు ఏదైనా సరే, ఈసారి డ్రాఫ్ట్ చూసేటప్పుడు పక్కన ఓ పుస్తకం పెట్టుకోండి. ఎడమ పేజీ రాసుకోండి, కుడి పేజీ మీద తారీఖు మాత్రం వేసి ఉంచండి.