మైనస్ పది

గుంటూరు పక్కనే ఒక స్పిన్నింగ్ మిల్లు. మోటార్ల వేగం మార్చే డ్రైవులు బాగుచేయడం నా పని.

రింగ్ ఫ్రేమ్ మోటారు 50 హెర్ట్జ్ మీద తిరగాలని ఆ మిల్లు ఓనరు పట్టు. "కరెంటు వచ్చేదే యాభైకి. మనం నలభై అయిదుకి నడపడమేంటి, బిల్లు కట్టడం లేదా?" అంటాడు. 50 దగ్గర నాలుగు పోళ్ల మోటారుకి లెక్క ప్రకారం నిమిషానికి 1500 చుట్లు. జారుడు పోను 1440 దాకా వస్తాయి. మోటారుకేం, తిరుగుతుంది. దారమే ఊరుకోదు. ఆయన నాబు తిప్పిన రోజు నుంచి టపటపా తెగడమే. అతికించే ఆడవాళ్లు ఫ్రేము ఆ చివరికి చేరేసరికి ఈ చివర మళ్లీ మొదలు.

మేస్త్రి నన్ను పక్కకి లాగాడు. "నాబు ఆయన్నే తిప్పుకోనివ్వండి సార్. మిషన్ మాత్రం ఆ మాట వినకుండా చెయ్యండి."

డ్రైవులో ట్రిమ్ అనే సెట్టింగు ఉన్నది అందుకు కాదు. పేపరు మిల్లులో రోలర్లు వరసగా తిరిగేచోట, వెనకదాని కన్నా ముందుది ఒక పిసరు వేగంగా లాగితేనే కాగితం బిగువుగా సాగుతుంది. ఆ పిసరు కోసం అసలు వేగానికి కలిపేదో తీసేదో ట్రిమ్. కూరలో ఉప్పు సరిచూసుకోవడం లాంటిది. నేను ఏకంగా మైనస్ 10 శాతం పెట్టాను. నాబు 50 అడిగితే మోటారుకి అందేది 45. తెర మీద కనపడేది అడిగిన అంకా, ఇచ్చిన అంకా అన్నది కూడా ఒక సెట్టింగే. అదీ మార్చేసి, పాస్‌వర్డ్ పెట్టి ప్యానెల్ తలుపు మూశాను. అబద్ధమేం కాదులే, అడిగిందే చూపిస్తోంది అనుకున్నాను.

మర్నాడు తెర మీద 50. దారం తెగడం తగ్గింది. నూలు తూకం కిందటి వారం కన్నా పెరిగింది. ఓనరు మేస్త్రి భుజం తట్టి గళ్ల చొక్కా ఒకటి పెట్టాడు. నా బిల్లులో బేరం ఆడలేదు. అది ఇంకా పెద్ద వింత.

ఆర్నెల్లకి మళ్లీ పిలుపు. ఈసారి ఆయన రెండో యూనిట్టుకి.

"ఇక్కడా యాభై పెట్టించా. దారం నిలవట్లేదు. డ్రైవులో తేడా ఉందేమో చూసి కాగితం రాసివ్వు."

చూశాను. 50 అడిగితే 50 ఇస్తోంది. ట్రిమ్ సున్నా. ఏ తేడా లేదు.

"అదే మిషను, అదే పత్తి, అదే యాభై. అక్కడ నడిచింది ఇక్కడ నడవదేం?" అన్నాడాయన.

మైనస్ పది సంగతి గొంతు దాకా వచ్చింది. మింగేసి, 'డ్రైవులో లోపం లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన దాన్ని గుమస్తాకిచ్చాడు. "ఇక్కడి మేస్త్రి లెక్క తేల్చి పంపించెయ్యి. తప్పు మనిషిదే."

గేటు బయట గళ్ల చొక్కా ఎదురొచ్చింది. పక్కన టిఫిన్ క్యారేజీ పట్టుకుని ఒక కుర్రాడు, అచ్చం అదే పోలిక.

"డ్రైవులోనే తప్పుందని రాశారుగా సార్? వీడు మా తమ్ముడు."