పేరు చెక్కుకొను యాత్ర

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణము విడిచి, బోయీల భుజములపై పల్లకీలో కూర్చుండి, సుమారు నూరుమంది పరివారముతో కాశికి బయలుదేరి, దారిలో ఏ మజిలీయందు బియ్యము దొరకును, ఏ యూరి నీరు మంచిది, ఏ యేరు ఎట్లు దాటవలయును అను సంగతులన్నియు శ్రద్ధతో వ్రాసికొనుచు, పదునైదు మాసములకు పైచిలుకు కాలము వెచ్చించి తిరిగి యిల్లు చేరిరి. నా మేనల్లుడు హైదరాబాదు నుండి ఢిల్లీ వరకు, నడుమనున్న చారిత్రక స్థలములను దర్శించుచు, మోటారు సైకిలుపై తొమ్మిది దినములలో పోవలయునని సంకల్పించి, ఆ సంకల్పమునకు సాక్షిగా నన్ను వెనుక సీటున ఎక్కించుకొనెను. పల్లకీలో కూర్చున్నవారు దేశమును చూచిరి. మోటారు సైకిలు వెనుక కూర్చున్న నేను మేనల్లుని వీపును చూచితిని.

ఆ వాహనమునకు అలంకారములు పెక్కు. ట్యాంకునకు ఇరువైపుల పసుపుపచ్చని అక్షరములలో మావాని పేరు. దాని క్రింద రక్తపు గ్రూపు. హెల్మెట్టుపై మూడవ కన్నువలె కెమెరా. హ్యాండిలుకు బిగించిన ఫోనులో దారి చెప్పు స్త్రీకంఠము. వెనుక వ్రేలాడు రెండు పెట్టెలనిండ అతడు ఇదివరకు పోయివచ్చిన ఊళ్ల స్టిక్కర్లు. ఒక పెట్టె మూతపై జానెడు చోటు ఖాళీగా మిగిలియుండెను. ఆ జానెడును పూరించుటయే ఈ యాత్రకు పరమార్థమని నాకు రాయచూరు దాటిన పిమ్మటగాని బోధపడలేదు.

మొదటి మజిలీ మస్కి. రాయచూరు జిల్లాలో, పూర్వము నిజాము ఏలుబడిలోనున్న ఆ గ్రామమున, ఒక గుట్టబండపై బ్రాహ్మీ లిపిలో ఒక శాసనము గలదు. 1837లో జేమ్సు ప్రిన్సెప్ అను పండితుడు ఆ లిపిని ఛేదించి చదివినప్పుడు, దేశముననున్న ఇట్టి శాసనములలో నెల్ల 'దేవానాం ప్రియుడు', 'ప్రియదర్శి' అను బిరుదులే కనబడెనుగాని, రాజు స్వనామధేయము కనబడలేదు. ఈ ప్రియదర్శి అశోకుడేయని సింహళ గ్రంథములను పట్టుకొని పండితులు నిర్ణయించినను, రాతిలో ఋజువు మాత్రము 1915వ సంవత్సరమున ఈ మస్కిలోనే, బంగారము వెదకు గనుల ఇంజనీరొకనికి దొరకెను. ఇచ్చట 'అశోక' యని స్పష్టముగా నున్నది.

ఆలోచింపుడు. కాందహారము నుండి కర్ణాటకము వరకు కొండలన్నియు తనవే, ఉలులన్నియు తనవే, అడ్డుచెప్పువాడు లేడు. ఐనను ఆ చక్రవర్తి తన పేరును వ్రేళ్లమీద లెక్కింపదగిన తావులలో మాత్రమే చెక్కించెను. పరమతమును నిందింపవలదు, పెద్దలను గౌరవింపుడు, బాటల ప్రక్క చెట్లు నాటించితిని అను మాటలకే బండల నుపయోగించెను. ప్రచారకళయందు ఆయన కంత ప్రవేశ మున్నట్లు తోచదు. మావాడైనచో మొదటి పంక్తి పేరు, రెండవ పంక్తి రక్తపు గ్రూపు చెక్కించి, ధర్మమునకు చోటు చాలలేదని విచారించియుండును.

మస్కిలో మేము నిలిచినది పదునొకండు నిమిషములు. అందులో తొమ్మిది నిమిషములు, బండ వెనుకను బండి ముందును వచ్చునట్లు ఫొటో తీయుటకు సరిపోయినవి. నేను శిరస్త్రాణము తీయబోగా, "ఉండనివ్వండి మామయ్యా, హెల్మెట్ ఉంటేనే ఫ్రేమ్ బాగుంటుంది" అని వారించెను. అది ఫ్రేమునకు మంచిదో, నా ముఖమును మరుగుపరచుటకు మంచిదో నేనడుగలేదు.

బిజాపురమున గోల్‌గుంబజు చూచితిమి. మహమ్మదు ఆదిల్‌షా సమాధిపై 1656లో పూర్తియైన ఆ కట్టడపు గుమ్మటము వ్యాసము సుమారు 44 మీటర్లు. లోపల దానికి ఊతగా స్తంభ మొక్కటియు లేదు. పైని వసారాలో గోడకు పెదవి చేర్చి గుసగుసలాడిన మాట ఎదుటి గోడకు చెవియొగ్గినవానికి స్పష్టముగా వినబడునట. 'వినబడునట' యని ఏల యంటినన, నేను విననే లేదు. అచ్చటికి వచ్చిన జనులలో గుసగుసలాడువా రెవరును లేరు. ఒక్కొక్కరు మెట్లెక్కి వగర్చుచు వచ్చి, గుండెనిండ గాలి పీల్చి, తమ పేరు తామే ఎలుగెత్తి అరచి, అది పలుమారు మారుమ్రోగి తమ చెవులలోనే పడుచుండగా, జీవితమున తొలిసారి తమ కొక సభవారు దొరకినట్లు కన్నులు మూసికొని ఆనందించుచుండిరి. మావాడును అరచెను. క్రింద ఆదిల్‌షా ఒక్కడే ఊరకుండెను. కట్టించినవాడు మౌనముగా నుండగా, చూడవచ్చినవాడు పేరు చెప్పుకొను వింత నేను మొదట గమనించిన దిచ్చటనే.

అటుపిమ్మట అజంత. 1819వ సంవత్సరము ఏప్రిల్ నెలలో జాన్ స్మిత్ అను ఆంగ్ల సైనికాధికారి వేటకై ఆ లోయలోనికి వచ్చి, పొదలలో దాగియున్న గుహాముఖమును చూచి, పదవ గుహలో ప్రవేశించి, అనేక శతాబ్దములుగా గబ్బిలములకు తప్ప అన్యులకు పెద్దగా దర్శన మీయని ఆ చిత్రముల నడుమ నిలిచి, చేయవలసిన ప్రథమ కర్తవ్యముగా ఒక స్తంభము మీది చిత్రముపై తన పేరును, తేదీని గీకెను. ఆ చిత్రములు వ్రాసినవారి పేర్లు నేడు మన కెరుకలేదు. చెడగొట్టినవాని పేరు మాత్రము చదువ శక్యముగా నున్నది. నేడు మన కోటగోడలపై బొగ్గుతోను, మేకుతోను, తాళపుచెవితోను ప్రేమను ప్రకటించు యువకులెల్లరు ఈయన శిష్యకోటిలోనివారే. గురువునకు గుడి మాత్రము ఇంకను కట్టలేదు.

ఇచ్చట మరియొక విశేషము. ఆ పేరు మనుష్యుని తలకంటె ఎత్తుగా నున్నది. మావాడు మెడ నిక్కించి చూచి, "అంత పైన ఎలా గీకాడు మామయ్యా, నిచ్చెన తెచ్చుకున్నాడా?" అని యడిగెను. నిచ్చెన కాదు నాయనా, నాడు గుహనిండ మట్టియు చెత్తయు నిలువునంత పేరుకొనియుండెను. ఆయన దానిపై నిలిచి గీకెను. తరువాత దానిని ఎత్తివేయగా పేరు పైననే మిగిలిపోయెను అని చెప్పితిని. అప్పుడది నాకు హాస్యముగనే తోచినది.

భోపాలు దాటి సాంచికి పోవు దారిలో కర్కటరేఖ రోడ్డును ఖండించుచోట గీత గీచి బోర్డు పెట్టిరి. భూగోళమునకు మూడవ తరగతిలో గీచిన ఆ గీత నిజముగానే నేలపై కనబడునప్పటికి నాకును కొంత పులకరము కలిగెను. మావాడు ముందుచక్రము సమశీతోష్ణ మండలమునను, వెనుకచక్రము ఉష్ణమండలమునను ఉండునట్లు బండిని నిలిపి ఫొటో తీసెను. నేను ఉష్ణమండలముననే కూర్చుంటిని. నడుము మాత్రము ఏ మండలమునను లేదు.

సాంచిలో నా గర్వ మణగెను. మహాస్తూపపు ప్రాకారమునందలి రాళ్లపై ఎటుచూచినను చిన్న అక్షరములు. ఇచ్చటను పేర్లేనా యని నిట్టూర్చి, తెలిసినవారి నడిగితిని. పేర్లే, కాని అవి దాతల పేర్లు. భిక్షువులు, భిక్షుణులు, శ్రేష్ఠులు, గృహిణులు, నేతపనివారు వందలకొలది జనులు తలకొక రాయి ఇచ్చి, ఇది ఫలానావారి దానమని చెక్కించుకొనిరి. విదిశ దంతపు పనివారు దక్షిణ తోరణమునకు శిల్పము చెక్కి, మేము చెక్కితిమని ఒక పంక్తి వ్రాసికొనిరి. ఆ తోరణము మీదనే శాతవాహన వంశపు శాతకర్ణి మహారాజు శిల్పుల పెద్ద ఆనందుడు తన దానమును చెప్పుకొనెను. శాతవాహనులు మావారన మావారని తెలుగువారును మరాఠీవారును నేటికిని తగవులాడుదురు గనుక, నేనును ఒక్క క్షణము ఛాతీ విప్పి, "చూచితివట్రా, మనవాడే!" అంటిని. మావాడు ఫోనునుండి తలయెత్తక, "ఆయన్ని ట్యాగ్ చెయ్యొచ్చా?" అనెను.

ఆనందుడు ముందు తోరణ మిచ్చెను, పిమ్మట పేరు చెక్కెను. మనము తోరణ మిచ్చుట అను మొదటి శ్రమను తగ్గించుకొంటిమి. ప్రగతి యన నిదియే. పురాతన కట్టడములను చెడగొట్టినవారికి రెండేండ్ల వరకు చెర, లక్ష రూపాయల వరకు జుర్మానా విధింపవచ్చునని 1958 నాటి చట్టమును 2010లో సవరించిరి. ఆ సంగతి తెలుపు నీలిబోర్డు నొకదానిని దారిలో చూచితిని. 'లక్ష' యను అక్షరముల సరిగా క్రింద ఎవరో ఇద్దరు ప్రేమికులు తమ పేర్లు గీకి, నడుమ బాణము దూర్చిన హృదయమును నిలిపిరి.

ఢిల్లీలో కుతుబు ఆవరణలోని ఇనుపకంబమును వెనుకకు చేతులు చాచి కౌగిలించుకొన్నచో అదృష్టము పట్టునని జనులు రాపాడించుచుండగా, 1997లో చుట్టు కంచె వేసిరట. పదునారువందల యేండ్లు వానకు తుప్పు పట్టని యినుము భక్తికి ఓర్వలేకపోయెను. చివరిమజిలీ ఇండియా గేటు. 1931లో ఆవిష్కరింపబడిన ఆ కమానుపై యుద్ధములలో మడిసిన సైనికుల పేర్లు పదమూడు వేలకు పైగా చెక్కియున్నవి. బండిని అంత దగ్గరకు రానీయరు గనుక మావానికి ఫ్రేము కుదరలేదు. చేయునది లేక తలయెత్తి పేర్లు చదువసాగెను. చాలసేపు చదివెను. "వీళ్లెవరూ తమ పేరు తాము చెక్కుకోలేదు కదా మామయ్యా" అని మెల్లగా ననెను. తొమ్మిది దినములలో నేను విన్న గుసగుస యిది యొక్కటే.

బండిని రైలున పార్సిలు చేసి తిరిగి వచ్చితిమి. పెట్టెమూతపై జానెడు చోటు ఇంకను ఖాళీగానే యున్నది. ఏ స్టిక్కరు వేయవలయునో తోచలేదట. ఈ వృత్తాంతమును వ్రాసి వానికి చదివి వినిపింపగా, సాంతము విని, నవ్వి, "బాగుంది గానీ మామయ్యా, మీరు ప్రతివారం ఈ కాలమ్ నెత్తిన మీ పేరు విషయంకంటే లావు అక్షరాల్లో వేయించుకుంటారు కదా, అదేమిటి?" అని యడిగెను.

నాకు సమాధానము తోచలేదు. ఆ రాత్రియే సంపాదకునికి ఫోను చేసి, ఇకపై నా పేరు తీసివేయుడని కోరితిని. ఆయన కారణ మడుగలేదు, బ్రతిమాలలేదు. "అలాగే" యని మావాని బండికిని లేని వేగముతో ఒప్పుకొనెను. ఆ వేగమునకు నేను తడబడి, ఈ వారమునకు మాత్రము ఉండనిండని మరల చెప్పితిని. ఉన్నది. ఎత్తుగనే యున్నది. పాఠకులు మెడ నిక్కించి, అంత పైన ఎట్లు గీకెనని అడుగుదురేమో. దాని క్రింద ఎంత మట్టి పేరుకొనియున్నదో ఇప్పుడే చదివిరి గదా.