రెండున్నర గుడిసెల గాడిద

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో గుడిసె కాలాలంటే అడవే అంటుకోనక్కర్లేదు. మార్చి దాటాక ఎండిన తాటికమ్మల కప్పుకు పొయ్యిలో ఆరని కొరివి, అతుకుల వైరు, పక్క చేన్లో చొప్పకు పెట్టిన మంట – ఏదైనా చాలు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో సిలిండర్ మంటను తడి గోనెసంచితో ఆర్పి చూపిస్తారు, జనం చప్పట్లు కొడతారు. తాటికమ్మలకు సరిపడే గోనెసంచిని మాత్రం ఇంకా నేయలేదు.

మంట ఆరాక బియ్యం వస్తాయి, ఫొటో దిగుతారు. ఆ తర్వాత విపత్తు సహాయ నిధి పట్టిక తెరుచుకుంటుంది. 2022–26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన ఈ పట్టిక ప్రకారం, పూర్తిగా ధ్వంసమైన ఇల్లు పక్కాదైనా కచ్చాదైనా మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు. గుడిసె అయితే 8,000. అంటే సరిగ్గా పదిహేనో వంతు. బట్టలకు 2,500, వంటసామానుకు మరో 2,500.

కచ్చా ఇంటికన్నా హీనమైనది, గడ్డితో, మట్టితో, ప్లాస్టిక్ పట్టాలతో కట్టిన తాత్కాలిక నివాసమే గుడిసె అని నిర్వచనం. మరి మట్టిగోడల మీద కమ్మలు కప్పుకున్నది ఏమవుతుంది? గోడను చూస్తే కచ్చా ఇల్లు, కప్పును చూస్తే గుడిసె. తేల్చాల్సింది పంచనామా రాసే రెవెన్యూ సిబ్బంది. వారొచ్చేసరికి చూడాల్సిన కప్పు ఉండదు. బూడిదను చూసి 1,12,000 రూపాయల తేడా తేల్చే విద్య మన తహసీల్ కార్యాలయాల్లో మాత్రమే వర్ధిల్లుతోంది.

పట్టికలో ఇంకాస్త కిందికి వెళితే జ్ఞానోదయమవుతుంది. పాడి గేదె చనిపోతే 37,500, ఎద్దుకు 32,000, గాడిదకు 20,000. ఒక గాడిద రెండున్నర గుడిసెల పెట్టు. మేకకు 4,000 కాబట్టి రెండు మేకలు ఒక గుడిసె. గాడిదకు ఎక్కువిచ్చారన్న ఏడుపు ఎవరికీ లేదు, పెంచినవాడికి అదీ చాలదు. దాని యజమాని కాపురమున్న కప్పుకు అందులో సగం కూడా పలకకపోవడమే వింత.

పశువుల కొట్టం కాలితే 3,000. మనిషికీ పశువుకూ తేడా ఏమిటని తత్వవేత్తలు యుగాలుగా తల బద్దలు కొట్టుకున్నారు. నివాసం వరకు ఆ తేడా 5,000 రూపాయలని పట్టిక తేల్చేసింది.

ఇక ఇంటి పరిహారానికి అది అధీకృత నిర్మాణమని అధికారి ధ్రువీకరించాలి. ఇక్కడ నవ్వు ఆగిపోతుంది. ప్రభుత్వ భూమిలో గుడిసె వేసుకున్న కూలికి ధ్రువీకరణ ఎవరిస్తారు? పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరించే జీవో 58 వచ్చింది 2014లో. దానికి ఎప్పటినుంచి ఉంటున్నారో కాగితం చూపాలి. కాగితం గుడిసెతోపాటే కాలింది. కాలిందని రుజువు చేయడానికి ఇంకో కాగితం. నిలువ నీడ పోయినవాణ్ని కార్యాలయాల చుట్టూ తిప్పడాన్ని సహాయం అనడం సిగ్గుచేటు.

అడవి అంచున గుడిసె పోవడానికి నిప్పు కూడా అక్కర్లేదు. 2017 సెప్టెంబరులో, అప్పట్లో భూపాలపల్లి జిల్లాలో ఉన్న తాడ్వాయి మండలం జలగలంచలో, గుత్తికోయ ఆదివాసీల గుడిసెలను అటవీ సిబ్బందే కూల్చేశారు.



ఇందిరమ్మ ఇళ్లతో గుడిసెలే ఉండవని వేదికల మీద వింటున్నదే. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఆ పథకంలో 5 లక్షలు మొదటి విడతలో సొంత జాగా ఉన్నవారికే. గుడిసెలో బతుకుతున్నదే జాగా లేక. జాగా ఉంటే ఇల్లిస్తామనడం, కడుపు నిండినవాడికే విస్తరి వేస్తామనడం. జాగా లేనివాడు మలి విడత కోసం అదే కమ్మల కింద, మరో ఎండాకాలం ఎదురుచూడాలి.

సహాయ పట్టిక గడువు 2025–26 వరకే. తర్వాతి పట్టికలో గుడిసె అన్న వరుసను కొట్టేసి, మనుషులు కాపురమున్నది ఏది కాలినా ఇల్లేనని రాయాలి. అధీకృతమన్న షరతు తీసేయాలి. కాలిన గుడిసె ఉన్నచోటే పట్టా ఇవ్వాలి, కుదరకపోతే అదే ఊళ్లో మరో జాగా చూపి ఇవ్వాలి. గాడిద ధర మాత్రం తగ్గించొద్దు.